ముద్ర ఓడెక్కి వస్తుంది, చట్టం రాదు

“సీఈ మార్కు ఉంది సార్, యూరప్ క్వాలిటీ. కళ్లు మూసుకుని తీసుకోండి.” కోఠి గుజరాతీ గల్లీలోనో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్లోనో, బెజవాడ బీసెంట్ రోడ్డులోనో ఈ మాట చెవిన పడనివాళ్లు తక్కువ. అమ్మేవాడు అన్నాడంటే వాడి బేరం వాడిది, తప్పుపట్టను. నా పేచీ అంతా ఆ మాట నమ్మి నలుగురికీ బోధించే చదువుకున్నవాళ్లతో. ఇంజనీరు అల్లుడు మామగారికి చెబుతాడు, డాక్టరుగారు పేషెంటుకు చెబుతారు, వినియోగదారుల పేజీలు రాసేవాళ్లు పాఠకులకు చెబుతారు: దిగుమతి సరుకు కొనేటప్పుడు అంతర్జాతీయ భద్రతా ముద్రలు ఉన్నాయో లేదో చూసుకోండి, ఉంటే ఇక దిగుల్లేదు అని. వినడానికి ఎంతో బాధ్యత గల సలహా. ఆచరణలో మాత్రం మనిషి అసలు చూడాల్సిన చోట చూడడం మానేస్తాడు.

ఈ నమ్మకానికి పునాది ఒక ఊహ. ఎక్కడో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకున్న మనిషి ఈ వస్తువును అన్ని విధాలా పరీక్షించి, పాసైందని ముద్ర కొట్టి పంపాడని. సీఈ విషయంలో చాలా సందర్భాల్లో అలాంటి మనిషి లేనే లేడు.

సీఈని యూరోపియన్ యూనియన్ ఎవరికీ ప్రదానం చేయదు. బ్రస్సెల్స్‌లో సీఈ ఇచ్చే ఆఫీసంటూ ఏదీ లేదు. యూరప్ చట్టం ప్రకారమే ఆ ముద్ర వేసేది తయారీదారు. ఛార్జర్లు, ఇస్త్రీపెట్టెలు, మిక్సీల వంటి ఇంటి కరెంటు సామాన్లకు బయటి సంస్థ చేత పరీక్ష చేయించడం తప్పనిసరి కాదు. యూరప్ ప్రమాణాలను పూర్తిగా పాటించి తయారుచేశామనే పిల్లల బొమ్మలకూ అంతే. కంపెనీయే పరీక్షలు చేసుకుంటుంది, ఫైలు రాసుకుంటుంది, అంతా సవ్యంగా ఉందని ప్రకటన మీద సంతకం పెడుతుంది, ముద్ర వేసుకుంటుంది. పరీక్ష రాసిన కుర్రాడే పేపరు దిద్దుకుని ఫస్టు క్లాసు వేసుకునే ఏర్పాటు, పైగా చట్టబద్ధం.

గ్యాస్ పరికరాలు, ఒంట్లో అమర్చే వైద్య సాధనాలు, ఎత్తు నుంచి పడిపోకుండా కట్టుకునే బెల్టుల వంటివాటికి కథ వేరు. వాటికి నోటిఫైడ్ బాడీ అనే బయటి సంస్థ జోక్యం ఉండాలి. ఆ సంస్థ ఉత్పత్తి మీద కన్నేసి ఉంటే సీఈ పక్కన దాని నాలుగంకెల నంబరు పడుతుంది. నంబరు లేని సీఈ అంటే చాలావరకు తయారీదారు మాటేనని అర్థం. ఇక తిండి పదార్థాలకు, సౌందర్య సాధనాలకు, కుర్చీలూ బల్లలకూ సీఈ వర్తించనే వర్తించదు. అలాంటి వస్తువు మీద సీఈ కనిపిస్తే ఆ ముద్రే అనుమానించడానికి మొదటి కారణం.

ఇక్కడ వాట్సాప్ పండితులు అడ్డొస్తారు. “అక్షరాల మధ్య ఎడం ఎక్కువుంటే అసలు సీఈ, దగ్గరగా ఉంటే చైనా ఎక్స్‌పోర్ట్ అండీ” అని రహస్యం విప్పుతారు. యూరోపియన్ పార్లమెంటులో ఇదే ప్రశ్న లేస్తే, చైనా ఎక్స్‌పోర్ట్ అనే ముద్ర ఒకటి ఉన్నట్టు తమకు తెలియదని కమిషన్ జవాబిచ్చింది. సీఈ ఆకారానికి కొలతలున్న మాట నిజం. రెండు అక్షరాలూ రెండు వృత్తాల ముక్కలు, వాటి మధ్య ఎడం ఇంత అని లెక్క, ఎత్తు మామూలుగా 5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అయితే సరైన బొమ్మ కంప్యూటర్లో దించుకుని సరైన ఎడంతో అచ్చు వేయడానికి ప్రింటింగ్ ప్రెస్సుకు ఎంతసేపు పడుతుంది? ఈ పుకారు చేసిన చెరుపు పెద్దది. ముద్రను అనుమానించాల్సినవాణ్ని స్కేలు పట్టుకుని ముద్రను కొలిచేవాడిగా మార్చి, కొలత కుదిరితే చాలు నమ్మేయమంది.

మీ చేతికి అందుబాటులో ఉన్న ఏదైనా ఛార్జర్ వెనక్కి తిప్పి చూడండి. భూతద్దం పెడితే గానీ ఆనని బొమ్మలు వరసగా ఉంటాయి. చతురస్రంలో చతురస్రం ఉంటే లోపల ఇన్సులేషన్ రెండు అంచెల్లో ఉంది, ఎర్త్ తీగ అక్కర్లేదు అని తయారీదారు చెప్పుకోవడం. ఇంటి బొమ్మ ఉంటే ఇంట్లోనే వాడమని. కొట్టివేసిన చెత్తబుట్ట ఉంటే పాడయ్యాక మామూలు చెత్తలో పారేయొద్దని. దీన్ని కూడా చూపించి ఇంటర్నేషనల్ సర్టిఫికేషన్ అనే ఘనులున్నారు. ఎఫ్, సీ కలిపి రాసిన గుర్తు అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ది. పక్కనున్న రేడియో, టీవీల సిగ్నల్‌ను ఈ పరికరం చెడగొట్టదన్నదే దాని సారం. షాక్ కొడుతుందా లేదా అన్న ఊసే అందులో లేదు. ఆర్ఓహెచ్ఎస్ అంటే సీసం, పాదరసం వంటివి పరిమితి దాటలేదని. రోమన్ అంకెల్లో ఆరు ఉంటే కరెంటు వృథా తక్కువని. డబ్బా మీద ఐఎస్ఓ 9001 అని గొప్పగా వేసుకుంటే అది ఫ్యాక్టరీ నడిపే పద్ధతికి సంబంధించిన కాగితం, లోపలి వస్తువుకు కాదు. ఆ కాగితం కూడా ఐఎస్ఓ అనే సంస్థ ఇచ్చింది కాదు, అది ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వదు. ఇన్ని గుర్తులు లెక్కపెట్టాక చూస్తే, 230 వోల్టులు మీ చేతిదాకా రావని మూడో మనిషి పూచీ పడ్డ గుర్తు ఒక్కటి కూడా లేకపోవచ్చు.

అదే ఛార్జర్‌ను విప్పి చూపించమని రిపేరు కుర్రాణ్ని అడగండి. చేత్తో బరువు చూసే వాడు సగం సంగతి చెప్పేస్తాడు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల వైపుకూ, ఫోనుకు వెళ్లే 5 వోల్టుల వైపుకూ మధ్య సర్క్యూట్ బోర్డు మీద కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మంచి తయారీలో ఆ ఖాళీలో బోర్డుకు గాడి కూడా కోస్తారు. నాసిరకంలో ఆ ఎడం కుంచించుకుపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్ల మధ్య ఉండాల్సిన టేపు పల్చబడుతుంది. ఫ్యూజు ఉండాల్సిన చోట ఉత్త తీగముక్క అతికి ఉంటుంది. వానాకాలం తేమకో, లైన్లో వోల్టేజి ఒక్కసారిగా ఎగిసినప్పుడో కరెంటు ఆ చిన్న ఎడాన్ని దాటేస్తుంది. ఛార్జింగ్‌లో పెట్టి ఫోన్ మాట్లాడుతుంటే ప్రాణం పోయిందన్న వార్తలు మన జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. ప్రతిదానికీ ఛార్జరే కారణమని అనను. ఆ ఛార్జర్‌ను విప్పి చూసి కారణం తేల్చారన్న వార్త మాత్రం నేను చదవలేదు.

సీఈ కంటే యూఎల్ ముద్ర గట్టిదని తెలిసినవాళ్లు అంటారు. ఒప్పుకుంటాను. 1894లో అమెరికాలో పుట్టిన అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ తయారీదారుకు సంబంధం లేని పరీక్షా సంస్థ, ముద్ర ఇచ్చాక ఫ్యాక్టరీలకు తనిఖీకి కూడా వెళుతుంది. అంత పేరున్న ముద్ర గనకే దొంగలకు మోజు. అదే సంస్థ 2016లో 400 నకిలీ ఐఫోన్ అడాప్టర్లను పరీక్షిస్తే మూడు తప్ప అన్నీ ఫెయిలయ్యాయి. వాటిలో 12 మనిషి ప్రాణం తీయగలిగినంత అధ్వానంగా ఉన్నాయి. అంతకు ముందు ఏడాది అమెరికాలో హోవర్‌బోర్డుల వేలంవెర్రి నడిచింది. రెండు చక్రాల ఆ బల్లల బ్యాటరీలు ఇళ్లలో అంటుకున్నాయి. అప్పటికి హోవర్‌బోర్డు మొత్తానికి యూఎల్ ప్రమాణమే తయారు కాలేదు, అయినా యూఎల్ ముద్రతో అమ్ముడుపోయాయి. కొన్నిటి మీద ముద్ర దొంగది. కొన్నిట్లో ముద్ర నిజమైనదే, కాకపోతే అది ఛార్జర్‌కో మరో విడిభాగానికో చెందినది, కొన్నవాడు బల్ల మొత్తానికి అనుకున్నాడు. 2016 జులైలో అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ 5 లక్షలకు పైగా హోవర్‌బోర్డులను వెనక్కి రప్పించింది.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగాలి. వెనక్కి రప్పించింది.

ముద్రలకు వాటి సొంత గడ్డ మీద విలువ లేదని నేను అనడం లేదు. ఉంది. సంతకం పెట్టినవాడి మెడ పట్టుకునే ఏర్పాటు అక్కడ ఉండడం వల్ల ఉంది. సీఈ పడే చాలా రకాల సరుకుకు యూరప్ గడ్డ మీద బాధ్యుడొకరు ఉండి తీరాలని, వాళ్ల పేరూ చిరునామా వస్తువు మీదో డబ్బా మీదో కనిపించాలని 2021 జులై 16 నుంచి అక్కడ నిబంధన. అధికారులు దుకాణాల నుంచి సరుకు తీసుకెళ్లి పరీక్షిస్తారు. ప్రమాదకరమని తేలితే సేఫ్టీ గేట్ అనే వ్యవస్థలో హెచ్చరిక పెడతారు, మిగతా దేశాలన్నీ అప్రమత్తమవుతాయి. 2024లో అలాంటి హెచ్చరికలు 4,137 వచ్చాయి. అందులో పిల్లల బొమ్మల వాటా 15 శాతం. “ప్రమాదకరమైన సరుకును యూరప్‌వాళ్లు రానిస్తారా” అని అడిగేవాళ్లకు జవాబు ఈ అంకెలోనే ఉంది. రానిస్తున్నారు, వచ్చాక పట్టుకుంటున్నారు. కాపాడుతున్నది ఆ పట్టుకోవడమే.

ఇప్పుడు అదే సీఈ ముద్ర ఉన్న సరుకు యూరప్ ముఖమే చూడకుండా చైనాలోని షెన్‌జెన్ నుంచి నేరుగా నవా షేవా రేవుకో, చెన్నై రేవుకో వచ్చి, లారీ ఎక్కి బేగంబజార్ చేరుతుంది. యూరప్ బాధ్యుడి చిరునామా దాని మీద ఉండదు. ఉన్నా వాళ్ల పూచీ మనకు వర్తించదు. బేగంబజార్ దుకాణంలో ఫ్రెంచి అధికారి శాంపిల్ తీయడు, కోఠిలో దొంగ సీఈ పెట్టి అమ్మాడని ఏ జర్మన్ కోర్టూ సమన్లు పంపదు. ముద్రకు ప్రాణం పోసే చట్టం మొత్తం అవతలి ఒడ్డునే ఆగిపోయి, సిరా మాత్రం మనదాకా వచ్చింది. ఆ సిరాను చూసి నిశ్చింతగా ఉండమని చెప్పేవాళ్లు ఏ ధైర్యంతో చెబుతున్నారు?

“చౌకరకం ఛార్జర్ల గురించి ఇంత రాద్ధాంతమా, బయటి సంస్థ పరీక్షించి నంబరుతో ఇచ్చిన ముద్రనైనా నమ్మొద్దా” అంటారా? పీఐపీ కథ వినండి. దక్షిణ ఫ్రాన్స్‌లో జాన్-క్లోద్ మాస్ స్థాపించిన ఈ కంపెనీ మహిళల రొమ్ములకు అమర్చే సిలికాన్ ఇంప్లాంట్లు తయారుచేసింది. జర్మనీకి చెందిన నోటిఫైడ్ బాడీ టీయూవీ రైన్‌లాండ్ పర్యవేక్షణలో వాటికి సీఈ ఉంది. 2010 మార్చిలో ఫ్రెంచి ఆరోగ్య అధికారులు ఫ్యాక్టరీకి వెళ్లి చూస్తే, వైద్యానికి పనికొచ్చే సిలికాన్‌కు బదులు పరిశ్రమల్లో వాడే చౌక సిలికాన్ నింపుతున్నారని బయటపడింది. టీయూవీ ఆడిటర్లు ఏళ్ల తరబడి ఆ ఫ్యాక్టరీకి వెళ్లారు, ముందుగా చెప్పి వెళ్లారు. వాళ్లొచ్చే రోజుకు ఆ సిలికాన్ డ్రమ్ములు కనబడకుండా పోయేవి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది మహిళల ఒంట్లోకి ఆ సరుకు చేరిందని అంచనా. 2013లో మాస్‌కు నాలుగేళ్ల జైలు శిక్ష పడింది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి 2017 ఫిబ్రవరిలో యూరప్ అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. చెప్పకుండా తనిఖీకి వెళ్లడం, వస్తువును స్వయంగా పరీక్షించడం, కంపెనీ లెక్కల పుస్తకాలు చూడడం నోటిఫైడ్ బాడీకి సాధారణ బాధ్యత కాదని, అనుమానించడానికి ఆధారం కనబడినప్పుడే అప్రమత్తం కావాలని. అప్పటి చట్టానికి అదే అర్థమైతే, ముద్ర పక్కన ఆ నాలుగంకెల నంబరు చూసి మనం ఊహించుకున్నదంతా మన ఊహేనన్నమాట. ఆ తర్వాత యూరప్ వైద్య సాధనాల చట్టాన్ని బిగించింది, చెప్పకుండా తనిఖీలను తప్పనిసరి చేసింది. పాత చట్టం కింద బయటకొచ్చిన సరుకు ఒళ్లల్లో ఉన్నవాళ్ల సంగతి వేరే.

మన దేశానికి నేరుగా తగిలిన దెబ్బ ఇంకొకటి ఉంది. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డెప్యూ తయారుచేసిన ఏఎస్ఆర్ తుంటి కీలు. లోహం మీద లోహం రాసుకునే నమూనా, రాపిడికి కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి దిగుతాయి. యూరప్‌లో సీఈ ఉంది. అమెరికాలో, అప్పటికే బజార్లో ఉన్న కీళ్లను పోలి ఉందన్న కారణంతో దారి ఇచ్చారు. ఇన్ని ముద్రలున్న కీలుకు మనం 2006లో దిగుమతి అనుమతి ఇచ్చాం. ఆస్ట్రేలియా మార్కెట్ నుంచి 2009లో తీసేశారు. 2010 ఆగస్టులో కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. మన దగ్గర దాదాపు 4,700 శస్త్రచికిత్సలు జరిగాయి, అందులో చాలామంది ఆచూకీ కూడా దొరకలేదు. 2013లో అమెరికా రోగులతో 250 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. మన దగ్గర నిపుణుల కమిటీ వేసిందే 2017లో, పరిహారం సూత్రం తేలింది 2018లో. రోగం ఒకటే, కీలు ఒకటే, దాని మీది ముద్రలూ అవే. డాలస్‌లో ఉన్న తుంటికీ, గుంటూరులో ఉన్న తుంటికీ తేడా ముద్రలో లేదు, వెనకున్న చట్టంలో ఉంది.

పిల్లల బొమ్మల విషయంలో మన ప్రభుత్వమే ఏళ్ల తరబడి ఈ నమ్మకంతో బతికింది. 2009 జనవరిలో చైనా బొమ్మల దిగుమతిని ఆరు నెలలు నిషేధించి, రెండు నెలలు తిరక్కుండానే మెత్తబడి, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పరీక్షించినట్టు ధ్రువపత్రం తెస్తే చాలంది. ధ్రువపత్రాలు వచ్చాయి, వాటి వెనకే బొమ్మలు వచ్చాయి. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఢిల్లీ బజార్లలో దిగుమతి బొమ్మలు 121 రకాలు కొని పరీక్షలకు పంపితే 66.90 శాతం ఫెయిలయ్యాయి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయన్న సామెతకు ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. పరీక్షకు వెళ్లే నమూనా ఒకటి, కంటైనర్లో వచ్చేది ఒకటి కావడానికి అడ్డేముంది? 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. ఆ తర్వాత కూడా, 2023 జనవరికల్లా ఆ ముద్ర ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ సిబ్బంది ముద్ర లేని 18,600 బొమ్మలను పట్టుకున్నారు. అవి ఫుట్‌పాత్ మీద దొరికినవి కావు, విమానాశ్రయాల్లోనూ మాల్స్‌లోనూ మెరిసే షోరూముల్లో దొరికాయి. పెద్ద దుకాణంలో కొంటే భయం లేదనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

మన ఇళ్లలోకి దిగుమతి సరుకు తెచ్చే దారి ఇంకొకటుంది, దానికి కస్టమ్స్ కన్నా ప్రేమ ఎక్కువ. సూట్‌కేస్. అమెరికా నుంచి అమ్మాయి తెచ్చే విటమిన్ సీసాలు, చేపనూనె క్యాప్సూల్స్, మోకాళ్ల నొప్పుల మాత్రలు లేని మధ్యతరగతి తెలుగు ఇల్లు ఈ రోజుల్లో అరుదు. “ఎఫ్‌డీఏ అప్రూవ్డ్ నాన్నా, వేసుకో.” పాపం ఆ పిల్ల కూడా నమ్మే అంటోంది. అమెరికాలో 1994 చట్టం ప్రకారం ఇలాంటి పోషక సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ఉండదు. భద్రత చూసుకోవాల్సింది తయారీదారే, ఎఫ్‌డీఏ రంగంలోకి దిగేది సరుకు మార్కెట్లోకి వచ్చాక. సీసా మీద ఎఫ్‌డీఏ లోగోనే ఉంటే మరీ అనుమానించాలి, ఆ లోగోను కంపెనీలు వాడుకోవడానికి వీల్లేదు. కొవిడ్ కాలంలో ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్ అని బంగారు అంచుల సర్టిఫికెట్లు చూపించి మాస్కులు, ఆక్సీమీటర్లు అమ్మారు. రిజిస్ట్రేషన్ అంటే పేరు నమోదు చేసుకోవడం, ఆమోదం కాదు, అలాంటి సర్టిఫికెట్లు మేం ఇవ్వం అని ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు చెప్పింది. సప్లిమెంట్లలో యూఎస్‌పీ వెరిఫైడ్ వంటి స్వతంత్ర ముద్ర ఒకటుంది, నిజంగా పరీక్షించి ఇచ్చేదే. మన ఇళ్లకొచ్చే సీసాల్లో దాన్ని వెతికినవాళ్లు ఎందరు?

అదే సూట్‌కేస్‌లో యూఎల్ ముద్ర ఉన్న రైస్ కుక్కర్ వస్తుంది. ముద్ర నిజమే, 120 వోల్టుల దగ్గర. మన 230కి పెడితే ఆ ముద్ర ఏ పూచీకీ రాదు. గల్ఫ్ నుంచి కరీంనగర్, జగిత్యాల, కడప ఇళ్లకు వచ్చే ఇస్త్రీపెట్టెలది వేరే కథ. వాటి ప్లగ్గు లావుపాటి మూడు పలక పిన్నులది, లోపలే ఫ్యూజు ఉంటుంది. మన గోడకు పట్టదు. వెంటనే కటింగ్ ప్లయర్, ప్లగ్గు తెగుతుంది, రెండు పిన్నుల ప్లగ్గు వస్తుంది, ఎర్త్ తీగ టేపు చుట్టుకుని లోపలే ఉండిపోతుంది. పెట్టె మీద దుబాయ్ ముద్ర మెరుస్తూనే ఉంటుంది. ఆ ముద్ర వేసినవాడు పరీక్షించిన వస్తువు ఇక ఇది కాదు.

హెల్మెట్ల దగ్గర తేడా ఇంకా బాగా తెలుస్తుంది. రోడ్డు పక్కన డాట్ స్టిక్కర్ ఉన్న హెల్మెట్లు కుప్పలు పోసి అమ్ముతారు. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ అని కుర్రాళ్లకు మహా గౌరవం. ఆ దేశంలో కూడా డాట్ ముద్ర తయారీదారు తనకు తాను వేసుకునేదే. అక్కడి అధికారులు బజార్లో కొని పరీక్షించి, తప్పితే పట్టుకుంటారు, దాని బలమంతా అందులో ఉంది. అమీర్‌పేట రోడ్డు మీద డాట్ అనేది అంటించే కాగితం, అంతే. యూరప్ వైపు ఈసీఈ ముద్ర వేరు. అది ముందే పరీక్షించి ఇచ్చే ఆమోదం, వృత్తంలో E అనే అక్షరం, పక్కన దేశం నంబరు ఉంటాయి. రెండూ విదేశీ ముద్రలే అని ఒక్క గాటన కట్టి, ఉంటే చాలు అనేవాళ్లకు ఈ తేడా తెలుసా అని నా అనుమానం.

“అయితే దేశీ ముద్రలు దేవుడి ముద్రలా” అని ఎవరైనా ఎదురడిగితే న్యాయమైన ప్రశ్నే. ఐఎస్ఐకి కూడా దొంగ కాపీలున్నాయి. ప్రభుత్వం వేసే ముద్ర అయినంత మాత్రాన గొప్పదీ కాదు. చైనా ప్రభుత్వం ఒకప్పుడు పేరున్న కంపెనీలకు తనిఖీ అక్కర్లేదని ఒక ముద్ర ఇచ్చేది. సాన్లూ పాలపొడి కంపెనీకి ఆ ముద్ర ఉండేది. 2008లో ఆ పాలపొడిలో మెలమైన్ అనే రసాయనం బయటపడ్డాక గానీ ఆ ముద్రను రద్దు చేయలేదు. ఆ కల్తీకి ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, దాదాపు 3 లక్షల మంది జబ్బు పడ్డారు. కాబట్టి జెండా రంగు చూసి ముద్రను నమ్మమని నేను చెప్పడం లేదు.

నేను చెప్పేది, ముద్ర పక్కన నంబరు ఉందా, ఆ నంబరును ఇక్కడ నిలబడి అడిగితే జవాబు చెప్పేవాడు ఉన్నాడా అని. ఐఎస్ఐ కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉండాలి. ఛార్జర్లు, పవర్‌బ్యాంకుల వంటి ఎలక్ట్రానిక్ సామాన్లకు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, విదేశంలో తయారైనా సరే. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, చిరునామా, లైసెన్సు ఇంకా బతికుందా చచ్చిందా అన్నీ కనబడతాయి. దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు. యూఎల్ కూడా తన ముద్రల జాబితాను ఆన్‌లైన్లో పెట్టింది. సీఈకి అలాంటి జాబితా లేదు. ఎవరూ ఇవ్వనిదానికి జాబితా ఎక్కణ్నుంచి వస్తుంది?

వినియోగదారుల పేజీలు రాసే మిత్రులకు ఒక మనవి. అంతర్జాతీయ ముద్రలు చూసుకోండి అనే సలహా ఇక ఆపండి. దాని బదులు డబ్బా మీద ఇక్కడి దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్న స్టిక్కర్ చూసుకోమనండి. ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం అది ఉండి తీరాలి. అది లేని డబ్బా మీద ఎన్ని సీఈలున్నా దాన్ని దేశంలోకి ఎవరు తెచ్చారో తెలియదు.

పాఠకులకు చెప్పవలసింది ఇంకొకటే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ చదవండి. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసీ అతను భారత చట్టానికి అందకపోయినా, ఆ వస్తువు చేసిన హానికి అమ్మినవాడే బాధ్యుడు. కనుక బిల్లు అడగండి. బిల్లు లేకుండా ఇస్తానంటే, ఎన్ని ముద్రలున్నా, ఎంత తగ్గించినా ఆ వస్తువు అక్కడే పెట్టేసి రండి. కొన్నాక మోసమని తేలితే 1915కు ఫోన్ చేయండి. ఆ బిల్లు మీదున్న పేరు మీద కేసు వేయొచ్చు, సీఈ మీద వేయలేరు.